యాంటీబయాటిక్ పొడి లేకుండానే మా ఆవుల అరుగుదల దారికొచ్చింది

బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర మాకు చిన్న డెయిరీ ఉంది. ఆవులు సరిగ్గా నెమరు వేయక, పేడ పల్చగా పడి, అందులో మొక్కజొన్న గింజలు గింజలుగానే కనిపిస్తుంటే టెన్షన్ పట్టుకుంది. దాణా కొట్టతను యాంటీబయాటిక్ కలిపిన పొడి ఇస్తానన్నాడు, నేను వద్దన్నాను. జబ్బు లేని పశువుకి రోజూ ఆ మందు పెడితే, దానికి లొంగని సూక్ష్మజీవులు పెరిగి రేపు మనుషులకే ముప్పు. యూరప్‌లో ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం 2006 నుంచే నిషేధం.

డాక్టరమ్మ చూసి ముందు మేత సర్దమన్నారు. ఒకేసారి పోసే దాణాని విడతలుగా చేసి, ప్రతిసారీ ముందు రాగి గడ్డి వేశాం. గడ్డి నమిలేకొద్దీ లాలాజలం బాగా ఊరుతుంది, అందులోని బైకార్బొనేట్ అనే క్షారం పెద్దపొట్టలో (మేత ముందు చేరి పులిసే గది) పులుపుని అణుస్తుంది, అసలు సగం పని ఇదే చేసింది.

ఆ తర్వాతే మూలికలు. వెల్లుల్లి, వాము దంచి బెల్లంతో చిన్న ముద్ద. వీటి ఘాటు నూనెలు కొన్ని సూక్ష్మజీవుల్ని అదుపు చేస్తాయి, మోతాదు మించితే మాత్రం పీచును అరిగించే మంచివీ చస్తాయి. వెల్లుల్లి పాలు పితికాకే పెట్టండి, లేదంటే పాలకి వాసన పడుతుంది! వగరు మొక్కల్లోని టానిన్లూ పనికొస్తాయి, మన బెంగళూరు ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ సంస్థ వాటితోనే, ఆవులు తేన్చినప్పుడు బయటికొచ్చే మిథేన్ వాయువుని తగ్గించే హరిత్ ధార అనే దాణా మిశ్రమం తయారుచేసింది.

ఇప్పుడు పేడ గట్టిపడింది, పడుకున్న ఆవులన్నీ నెమరేస్తున్నాయి. ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుంటే మాత్రం ఈ ముద్దలు పెడుతూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ని పిలవండి.