తాత ఓడల్లో పనిచేశాడంటారు, ఆ రికార్డు ఎలా వెతకాలి?

బరంపురం, గోపాల్‌పూర్ వైపు తెలుగోళ్ళ ఇళ్ళల్లో "మా తాత ఓడెక్కాడు" అన్న మాట వింటూనే ఉంటాం. ముందు తేల్చాల్సింది అదే, టికెట్టు కొనుక్కుని రంగం (రంగూన్) కూలికి పోయాడా, ఓడలోనే జీతానికి ఉన్నాడా అని. ముసలోళ్ళ నోట సరంగు (కళాసీల పెద్ద), టిండాలు (అతని కింది మేస్త్రీ), భండారీ (వంటవాడు) లాంటి మాట వస్తే ఓడ కళాసీయే అనుకుని ముందుకెళ్ళొచ్చు.

తర్వాత ట్రంకుపెట్టె దులపండి. కావాల్సింది డిశ్చార్జ్ పుస్తకం, అంటే కళాసీ ఏయే ఓడల్లో పనిచేశాడో రాసే పుస్తకం, సీడీసీ (కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్) అంటారు. మా మామ్మ దాన్ని పాత చీర మడతలో పెట్టి బియ్యం డబ్బా కింద దాచింది, అందులో వేలిముద్ర, ఏ ఓడ, ఎప్పుడెక్కాడు ఎప్పుడు దిగాడు, పక్కన వెరీ గుడ్ అని స్టాంపు. ఓడ పేరు పక్కన అఫీషియల్ నంబర్, అంటే ఆ ఓడ రిజిస్ట్రేషన్ నంబరు, ఉంటుంది చూడండి, అందరూ దాన్ని వదిలేస్తారు గానీ అసలు తాళంచెవి అదే, ఓడ పేరు మారినా నంబర్ మారదు, పైగా పాత క్రూ లిస్టులు (ఓడలో పనిచేసినోళ్ళ జాబితాలు) మనిషి పేరు మీద కాదు ఓడ నంబరు మీద సర్దుంటాయి.

ఊరి పేరు దగ్గర ఒక తిరకాసు. 1936 ఏప్రిల్ 1 దాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది కాబట్టి ఒరిస్సా అని వెతికితే ఏం దొరకదు, గంజాం, మద్రాస్ అని చూడండి. పేర్లు కూడా అంతే, అప్పన్నని ఎన్ని రకాలుగా రాశారో, ఇంటిపేరైతే చాలాసార్లు ఉండనే ఉండదు, తండ్రి పేరు, ఊరు పట్టుకోండి.

బ్రిటిష్ ఓడైతే 1863 నుంచి 1938 దాకా క్రూ లిస్టుల్లో 70 శాతం దాకా కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ యూనివర్సిటీలో ఉన్నాయి. 5తో ముగిసే సంవత్సరాలవి ఎక్కువగా లండన్ గ్రీనిచ్ మ్యూజియంలో, వాటిల్లో 1915వి ఆన్‌లైన్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు. మన కళాసీలని లస్కర్లు అనేవాళ్ళు, వాళ్ళకి విడిగా లస్కర్ అగ్రిమెంట్ (పని ఒప్పందం) రాసేవాళ్ళు, అది కూడా ఉందా అని ఓడ నంబరు, సంవత్సరం ఇచ్చి ఆ రెండు చోట్లా మెయిల్‌లో అడగండి.

యుద్ధంలో పోయుంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్ చూడండి, రెండో యుద్ధానికి ముంబై, చిట్టగాంగ్ స్మారకాల మీదే 6,469 మంది ఉన్నారు. స్వాతంత్య్రం తర్వాత పనిచేసినోళ్ళకైతే సీడీసీ నంబరుతో ముంబై లేదా కోల్‌కతా షిప్పింగ్ మాస్టర్ ఆఫీసుకి ఉత్తరం రాయండి.

పుస్తకం దొరికితే ఫోన్‌లో పేజీ పేజీ ఫొటో తీసుకోండి, ల్యామినేషన్ మాత్రం వద్దు, మా చిన్నాన్న చేయిస్తే ఆ వేడికి స్టాంపులు అలుక్కుపోయి రెండు ఓడల పేర్లు ఇప్పటికీ చదవలేకపోతున్నాం.