పరిశోధన వార్త కనిపిస్తే ఎలా చదవాలి?

'ఫలానాది తింటే గుండెకు మేలు: శాస్త్రవేత్తల వెల్లడి' లాంటి శీర్షికలు తరచూ కంటపడుతుంటాయి. నెల తిరిగేసరికి అదే పదార్థం కీడు చేస్తుందని మరో వార్త వస్తుంది. శాస్త్రవేత్తలు రోజుకో మాట చెబుతున్నారని విసుక్కునే ముందు, వాళ్లు అసలేం చెప్పారో చూడటం మంచిది. అందుకు పెద్ద చదువులు అక్కర్లేదు, పావుగంట ఓపిక చాలు.

ముందు అసలు పరిశోధన పత్రాన్ని పట్టుకోండి. వార్తలో కనిపించే జర్నల్ (పరిశోధన పత్రాలు అచ్చయ్యే పత్రిక), విశ్వవిద్యాలయం, పరిశోధకుల పేర్లతో పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెతకండి. వైద్య విషయమైతే, వైద్య పరిశోధన పత్రాల వివరాలుండే పబ్‌మెడ్ వెబ్‌సైటు ఇంకా మేలు. పూర్తి పత్రానికి డబ్బు కట్టమన్నా సారాంశం సాధారణంగా ఉచితంగానే దొరుకుతుంది. పత్రం మీదున్న ఈమెయిలుకు రాసి అడిగితే చాలామంది పరిశోధకులు కాపీ పంపిస్తారు. 'ప్రీప్రింట్' అని ఉంటే ఇతర నిపుణుల పరిశీలన ఇంకా పూర్తికాలేదని అర్థం. వార్తలో జర్నల్, పరిశోధకుల పేర్లేవీ లేకపోతే దాన్ని అక్కడితో వదిలేయండి, పోయేదేమీ లేదు.

పత్రం దొరికాక, ప్రయోగం ఎలుకల మీద చేశారా, గాజు పళ్లెంలోని కణాల మీదా, మనుషుల మీదా అన్నది చూడండి. శీర్షికకు చేరేసరికి ఎలుక మాయమవడం మామూలే. మనుషులైతే ఎంతమంది, వాళ్లలో ఏమేం కొలిచారు అన్నవి ముఖ్యం.

దీనికి 2015 నాటి చాక్లెట్ ఉదంతం చూడండి. చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారన్న వార్త పలు దేశాల పత్రికల్లో వచ్చింది. నాసిరకం పరిశోధన ఎంత సులువుగా వార్త అవుతుందో చూపడానికి జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు జర్మనీలో కొందరితో కలిసి కావాలనే చేసిన పని అది. ప్రయోగం మాత్రం నిజమైనదే. 15 మందిని మూడు గుంపులు చేసి బరువు, కొలెస్ట్రాల్, నిద్ర వంటి 18 అంశాలు కొలిచారు. నిజంగా తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనిపించే అవకాశం నూటికి 5 కంటే తక్కువైతే, ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ. కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేని 18 అంశాలు కొలిస్తే, ఏదో ఒకటి ఉత్తపుణ్యానికే 'రుజువయ్యే' అవకాశం 60 శాతం దాకా ఉంటుంది. వీళ్లకు బరువు తగిలింది. నిద్ర తగిలి ఉంటే చాక్లెట్ తింటే హాయిగా నిద్రపడుతుందని రాసేవాళ్లు!

ఆ తర్వాత, పరిశోధకులు తామే గుంపులు చేసి ప్రయోగించారా, ఉన్న లెక్కలను పోల్చి చూశారా అని గమనించండి. చాక్లెట్ ఎక్కువ తినే దేశాలకు జనాభాను బట్టి నోబెల్ బహుమతులూ ఎక్కువేనని 2012లో ఒక ప్రసిద్ధ వైద్య జర్నల్‌లో వచ్చింది. రెండింటిలోనూ స్విట్జర్లాండే ముందుంది. డబ్బున్న దేశం చాక్లెట్లూ కొంటుంది, ప్రయోగశాలలూ కడుతుంది. అంతమాత్రాన చాక్లెట్ వల్లే నోబెల్ వచ్చినట్టా?

శాతాలు కనిపిస్తే 'ఎంత మీద?' అని అడగండి. రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం (సాసేజ్, బేకన్ లాంటివి) తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తెలిపింది. జీవితకాలంలో నూటికి ఐదుగురికి ఈ క్యాన్సర్ వచ్చే చోట ఆ పెరుగుదలతో ఆరుగురవుతారు, అంతే. మన దేశంలో ఈ క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే తక్కువ కాబట్టి ఇక్కడ తేడా ఇంకా చిన్నది. ఆ మాంసాన్ని ఆ సంస్థ పొగాకు ఉన్న క్యాన్సర్ కారకాల జాబితాలోనే చేర్చడంతో 'సిగరెట్టుతో సమానం' అని కొన్ని పత్రికలు రాసేశాయి. ఆధారాలు ఎంత గట్టివో చెప్పే జాబితా అది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పేది కాదు.

చివరిగా, అదే పరిశోధనను వేరేవాళ్లు మళ్లీ చేశారా అని వెతకండి. మిఠాయి ఇప్పుడైతే ఒకటి, కాసేపు ఆగితే రెండు ఇస్తామని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ పసిపిల్లలను పరీక్షించిన సంగతి వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో వినే ఉంటారు. ఆగగలిగిన పిల్లలే తర్వాత చదువులో రాణించారన్నది దాని సారం. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగమే తేలింది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం వంటివి లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది. ప్రసంగాలలో మాత్రం పాత కథే నడుస్తోంది.

పత్రాన్ని జర్నల్ వెనక్కి తీసుకుందేమో కూడా చూడండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పత్రం 12 మంది పిల్లలను చూసి రాసింది. లాన్సెట్ జర్నల్ దాన్ని 2010లో ఉపసంహరించుకుంది. పబ్‌మెడ్‌లో వెతికితే ఆ సంగతి పత్రం పేరుతో పాటే కనిపిస్తుంది.