ఒంటరి దీవి పాఠాలు – 4: చెలమ తవ్వినవాళ్ళతో కొంచెం మాట్లాడాలి

ఈ వారం కొబ్బరికాయ ఒలవడం నేర్పుతానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి వాయిదా. కారణం మీరే. మూడో పాఠంలో మంచినీళ్ళ గురించి, అంటే షీటు గొయ్యి, వాన నీళ్ళు, ఒడ్డున ఇసుకలో తవ్వే చెలమ గురించి చెప్పాక వచ్చిన ఉత్తరాలు చదివితే, మీలో సగం మంది దీవిలో నాలుగో రోజు చూసేలా లేరు. ముందు ఆ లెక్క తేలాలి.

మొదట గొయ్యి, ప్లాస్టిక్ షీటు పద్ధతి. గొయ్యి తవ్వి, మధ్యలో గిన్నె పెట్టి, పైన షీటు కప్పి, దాని నడుమ గులకరాయి పెట్టమన్నాను. ఎండకు నేలలోని తడి ఆవిరై, షీటుకు పట్టి, గిన్నెలోకి కారుతుంది. ఒకాయన అపార్ట్‌మెంట్ పార్కులో తవ్వుతుంటే వాచ్‌మన్ వచ్చి పూడ్పించాడట. ఆయన్ని వదిలేద్దాం. మిగతావాళ్ళకు సాయంత్రానికి పావు గ్లాసో, అర గ్లాసో వచ్చింది. "ఏం తప్పు చేశాం?" అని అడిగారు. గంటకోసారి షీటు ఎత్తి చూసినవాళ్ళది తప్పే, ఎత్తిన ప్రతిసారీ లోపలి ఆవిరి పోతుంది. మిగతావాళ్ళ తప్పేమీ లేదు. అన్నీ సరిగ్గా చేసినా ఆ గొయ్యి రోజుకు లీటరు ఇస్తే గొప్ప. ఎండలో దాన్ని తవ్వడానికి గంట పడితే, ఆ లీటరు చెమటగా ముందే పోతుంది. నిజం చెప్పాలంటే నాకు ఆ పద్ధతి మీద మొదటినుంచీ గురి లేదు. చెప్పకపోతే అడుగుతారని చెప్పాను.

షీటు దొరికితే వాన కోసం దాచుకోండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న షీటు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 లీటర్లు. షీటు లేకపోతే, ఒరిగిన కొబ్బరిచెట్టు మానుకు గుడ్డ చుట్టి దాని కొసను సీసాలోకి దించండి. మాను మీద జారే వాన నీరు గుడ్డ పట్టి సీసాలోకి దిగుతుంది.

ఇంకో ప్రశ్న: "సముద్రపు నీళ్ళలో కొంచెం మంచినీళ్ళు కలుపుకుని తాగొచ్చా?" వద్దు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. మన మూత్రపిండాలు అంత చిక్కటి ఉప్పును బయటికి పంపలేవు. పలచన చేయడానికి ఒంట్లో ఉన్న నీళ్ళే ఖర్చుపెడతాయి. మీ దగ్గరున్న మంచినీళ్ళను మంచినీళ్ళుగానే తాగండి. దీని మీద మళ్ళీ ఉత్తరం రాయకండి.

ఇక నాకు నిద్ర పట్టకుండా చేసిన సంగతి. కాకినాడ వైపు నుంచి ఒకాయన రాశాడు: "మాస్టారూ, బీచ్ దగ్గర చెలమ తవ్వాం. మూడడుగుల్లో నీళ్ళు పడ్డాయి. కాస్త ఉప్పగా ఉన్నాయని ఇంకో మూడడుగులు తవ్వాం. అవి నోట్లో పెట్టుకోలేకపోయాం." ఇలాంటివే పదకొండు ఉత్తరాలు.

ఈ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నీళ్ళు పడలేదా, ఇంకో వంద అడుగులు దింపు. అనంతపురంలో అయినా, నల్గొండలో అయినా మనం బోరు బండి పక్కన నిలబడి నేర్చుకున్నది ఇదే. దీవిలో అడుగున ఉన్నది సముద్రం. లోతుకు వెళ్ళడమంటే దాని దగ్గరికి వెళ్ళడమే.

వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. ఉప్పునీరు లీటరుకు పాతిక గ్రాముల దాకా ఎక్కువ బరువు, అందుకని అది కింద, ఇది పైన. మీగడ కావాలంటే గిన్నె అడుగు గోకుతామా? ఈ మంచినీటి పొర ఇడ్లీలా ఉంటుంది, దీవి మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా. ఇంజనీర్లు దీనికి గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రమని ఒక లెక్క చెబుతారు. మంచినీరు సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే, మట్టానికి కింద 40 అడుగుల దాకా ఉంటుంది. అబ్బో 40 అడుగులా అని మురిసిపోకండి. మీరు తవ్వేది ఒడ్డుకు దగ్గర్లో. అక్కడ ఆ ఎత్తు ఒక అంగుళం ఉంటే కింద ఉండేది 40 అంగుళాలే. ఆటుపోట్లు కలిపేయగా మిగిలేది ఇంకా తక్కువ. పైగా ఈ లెక్క తిరగబడుతుంది కూడా. పైన ఒక అంగుళం తోడేసి అలాగే ఉంచితే, కిందనుంచి ఉప్పునీరు 40 అంగుళాలు ఎక్కడానికి చూస్తుంది.

నేను లక్షద్వీప్‌లోని కవరత్తిలో రెండేళ్ళు ఉన్నాను. నేను బావిలో బకెట్ ధడాలున పడేసినప్పుడల్లా పక్కింటి పెద్దావిడ తిట్టేది. ఆ తిట్లు మలయాళంలో ఉండటం వల్ల నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది. ఆవిడ మాత్రం చెంబును నీళ్ళ మీద పడుకోబెట్టి, అంచు వంచి నింపుకునేది. అడుగు కదలదు. చివరికి కవరత్తిలో 2005లో సముద్రపు నీటినుంచి రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే ప్లాంటు పెట్టారు. పసిఫిక్‌లో తరావా అనే పగడపు దీవి ఉంది. అక్కడ లోతు బావుల బదులు, నీటిమట్టం దగ్గరే చిల్లుల గొట్టాలను అడ్డంగా పడుకోబెట్టి పైపైన నీళ్ళు తీసుకుంటారు. మీ చెలమ కూడా అలాగే ఉండాలి, చాటలా వెడల్పుగా.

"మరి ట్రోమెలిన్‌లో ఐదు మీటర్లు తవ్వారు కదా?" అని ఒక చదువరి పట్టుకున్నాడు. మంచి ప్రశ్న. ట్రోమెలిన్ అంటే మడగాస్కర్‌కు తూర్పున పొదలు తప్ప చెట్లు లేని చిన్న ఇసుక దీవి. 1761లో అక్కడ ఒక ఫ్రెంచి ఓడ పగిలింది. నావికులు పడవ కట్టుకుని వెళ్ళిపోయారు. బానిసలుగా తెచ్చిన మడగాస్కర్ వాళ్ళను, అరవైమంది దాకా, మళ్ళీ వస్తామని చెప్పి అక్కడే వదిలేశారు. 1776లో ఓడ వచ్చేసరికి మిగిలినవాళ్ళు ఏడుగురు ఆడవాళ్ళు, ఒక ఎనిమిది నెలల పసిబిడ్డ. పదిహేనేళ్ళూ వాళ్ళు నిప్పు ఆరనివ్వలేదని చెబుతారు. రెండో పాఠంలో నిప్పు మూడుసార్లు ఆరిపోయిందని విసుక్కున్నవాళ్ళు ఇది ఇంకోసారి చదవండి. ఆ బావి ఐదు మీటర్లు ఎందుకంటే, వాళ్ళు నిలబడిన నేల సముద్రమట్టానికి అంత ఎత్తున ఉంది. నీరు తగలగానే ఆగారు. లోతు ఎంతని కొలవకండి, నీరు తగిలిందా లేదా చూడండి.

ఇక తవ్వే పని. పోటు ఎంతవరకు వస్తుందో నాచు, చెత్త పేరుకున్న గీత చెబుతుంది. దాన్ని దాటి, మొదటి ఇసుక దిబ్బ వెనక పల్లంలోకి వెళ్ళండి. అక్కడ పచ్చగా చెట్లుంటే ఇంకా మంచిది. ఇసుక తడి తేలాక మెల్లగా తవ్వండి. నీరు ఊరడం మొదలైందా, చేతులు తీసేయండి. మొదట ఊరిన బురద నీళ్ళు తోడి పారబోసి, గంటసేపు అటు చూడకండి. తర్వాత ఆల్చిప్పతో పైపైన తీయండి. ఉప్పగా ఉంటే ఇరవై అడుగులు లోపలికి నడిచి ఇంకో చెలమ తవ్వండి. లోపలికి! కిందికి కాదు. మరీ సన్నటి దీవిలో అసలు మంచినీరే నిలవకపోవచ్చు, అప్పుడు వానే దిక్కు.

తీసిన నీటిని కాచండి. గిన్నె లేకపోతే, కొట్టుకొచ్చిన రంగులేని ప్లాస్టిక్ సీసాలో తేటనీరు నింపి ఆరు గంటలు మండుటెండలో పడుకోబెట్టండి. మబ్బుగా ఉంటే రెండు రోజులు. దీనివల్ల క్రిములు పోతాయి, ఉప్పు పోదు.

అభ్యాసం. లీటరు నీళ్ళలో రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు కరిగించి, సగం గ్లాసు పోయండి. బీట్‌రూట్ రసం కలిపిన మామూలు నీళ్ళను చెంచా వీపు మీదుగా, నూనె ధారలా, దాని మీదికి వదలండి. ఎర్రనీరు పైన నిలవాలి. స్ట్రాతో మొదట పైనుంచి, తర్వాత అడుగునుంచి ఒక్కో చుక్క రుచి చూడండి. నాలుగైదుసార్లు చెడిపోతుంది, ఫర్వాలేదు.

సముద్రం దగ్గరున్నవాళ్ళకు ఇంకో పని. ఒక పోటునుంచి మళ్ళీ పోటు వరకు, అంటే సుమారు పన్నెండున్నర గంటలు, మీ చెలమ పక్కనే కూర్చోవాలి. గంటకోసారి నీటిమట్టం పుల్లతో కొలిచి, ఒక చుక్క నాలుకకు తాకించి ఉమ్మేసి, ఎంత ఉప్పగా ఉందో రాసుకోండి. సెలవు పెట్టాల్సి వస్తే పెట్టండి. ఒంటరిగా వెళ్ళొద్దు, మోకాలి లోతు దాటొద్దు. ఇసుక గోడ కూలితే మనిషిని పూడ్చేస్తుంది. లేచేటప్పుడు గొయ్యి పూడ్చి రండి.

వచ్చే వారానికి పీచు తీయని ఎండు కొబ్బరికాయ ఒకటి సంపాదించుకోండి. కొట్లో అమ్మే ఒలిచిన కాయ పనికిరాదు.