గోపురం వీధిలో 15 ఎంఎం

తిరుపతి గోవిందరాజస్వామి గుడి ముందున్న ఏడంతస్తుల గోపురాన్ని తీయడానికి వచ్చినవాళ్లంతా మొదట కెమెరాను పైకెత్తుతారు. చాలా వెడల్పుగా చూసే 15 ఎంఎం లెన్స్‌తో అలా ఎత్తారంటే గోపురం వెనక్కి వాలిపోతుంది. కెమెరాను నిలువుగా తిప్పి, సమంగా పట్టుకుని, మీరే వెనక్కి నడవండి. లెక్క సులువు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) పొడవు 36 మి.మీ., కెమెరా మట్టానికి పైన ఉన్నది పడేది అందులో సగంలో, అంటే 18. దాన్ని లెన్స్ 15తో భాగిస్తే 1.2. అంటే 40 మీటర్ల దూరంలో నిలబడితే, కెమెరా పట్టుకున్న మట్టం నుంచి 48 మీటర్ల ఎత్తు దాకా ఫ్రేమ్‌లో పడుతుంది.

అయితే ఫొటోలో కింది సగమంతా రోడ్డే ఉంటుంది. అసలు పని అక్కడే. ఖాళీ తారు, ఆటో టైర్లు ఎవరికి కావాలి? నేను పూలమ్మే అక్కను అడిగి, ఆమె బుట్టకు అర మీటరు దూరంలో మోకాళ్ల మీద కూర్చుంటాను. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కు చిన్నది చేసి, లెన్స్ మీది దూరం గుర్తును 1 మీటరు దగ్గర ఉంచితే, కదంబం మాలలోని మరువం ఆకు నుంచి గోపురం మీది కలశాల దాకా అన్నీ షార్ప్‌గా వస్తాయి. నా కెమెరాలో ఫోకస్ చేయడానికి ఉన్న రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపే పనే లేదు. అక్కను మాత్రం ఫ్రేమ్ అంచున పెట్టకండి, మొహం సాగిపోతుంది. తర్వాత ఫొటో చూపించమని అడిగితే ఏం చెప్తాం?

నా కెమెరా లైకా ఎం9. దాని ఫైండర్‌లో ఫొటోలో ఎంత వస్తుందో చూపే గీతలు 28 ఎంఎం దగ్గరే ఆగిపోతాయి. అందుకే ఫ్లాష్ తగిలించే హాట్‌షూలో వేరే ఫైండర్ పెట్టుకోవాలి. కెమెరాను నిలువుగా తిప్పితే అది లెన్స్‌కు పక్కన పడుతుంది కాబట్టి, దగ్గరున్న బుట్ట మీరు అనుకున్న చోట రాదు. ఒకటి తీసి, స్క్రీన్ చూసి, కాస్త జరిగి మళ్లీ తీయడమే. లైకా ఎం టైప్ 240లో, ఆ తర్వాతి చాలా మోడళ్లలో లెన్స్ చూసేదే స్క్రీన్ మీద కనిపించే లైవ్ వ్యూ ఉంది, ఆ తిప్పలు లేవు. లెన్స్ చిన్నది కదా, వేలి కొస ఫ్రేమ్‌లోకి వస్తుంది, చూసుకోండి.

తెల్లటి ఆకాశం కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌ను మోసం చేస్తుంది. కెమెరాను రోడ్డు వైపు వంచి వెలుతురు కొలిచి, షట్టర్ స్పీడ్ చేత్తో పెట్టేయండి.

ఇక రంగు సంగతి. వోయిట్‌లాండర్ కంపెనీ 15 ఎంఎం లెన్స్ పాత రకాల్లో వెనక గాజు సెన్సర్‌కు మరీ దగ్గరగా ఉంటుంది. వెలుతురు అంచుల్లో బాగా ఏటవాలుగా పడి, ఎం9లో అక్కడ గులాబీ రంగు తేలుతుంది. 2015లో వచ్చిన మూడో రకంలో ఈ బాధ చాలావరకు తీరింది. పాతదే ఉంటే, గోపురం తీసిన వెంటనే అదే ఎఫ్/11లో లెన్స్ మీద ట్రేసింగ్ పేపర్ కప్పి, వెలుతురు సమంగా ఉన్న వైపు తిప్పి ఇంకొకటి తీయండి. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ క్లాసిక్‌లో రెండింటినీ కలిపి ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్ (రెండో ఫొటోను చూసి మొదటిదాన్ని సరిచేయడం) ఇస్తే రంగూ, మూలల్లోని చీకటీ రెండూ పోతాయి. నలుపు తెలుపులో పెట్టుకునేవాళ్లకు రంగు గొడవ ఎలాగూ లేదు, చీకటి కోసమైతే ఆ రెండో ఫొటో తీసి ఉంచుకోండి.