ఫ్రీమేసన్ లాడ్జి నెల సమావేశాన్ని ఎలా నడపాలి?

విశాఖపట్నంలో లాడ్జి అనగానే చాలామందికి అద్దె గదులే గుర్తొస్తాయి. ఫ్రీమేసన్లు అంటే సోదరభావం, దానధర్మాలు ఆశయంగా గల ఒక పాత సంఘం వారు. వారికి మాత్రం లాడ్జి అంటే సోదరుల బృందం. 1717లో లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి తొలి గ్రాండ్ లాడ్జిని, అంటే లాడ్జీల పైన ఉండే పాలక సంస్థను, ఏర్పరచుకున్నాయి. గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా 1961 నవంబరు 24న ఏర్పడింది. సెక్రటరీగానో, విందు చూసే స్టీవార్డుగానో ఈ ఏడాది కొత్తగా బాధ్యత తీసుకున్నవారి కోసం ఇది రాస్తున్నాను. క్రతువు తడబడితే వచ్చే నెల సరిచేసుకోవచ్చు. రాని సోదరుణ్ణి ఎవరూ తలచుకోకపోతే మాత్రం ఆ నష్టం పూడదు.

1. సమన్స్, అంటే సమావేశానికి పిలుపు పత్రం, ముందే పంపండి. సమావేశ దినం లాడ్జి ఉపనియమాల్లోనే ఉంటుంది. రెండో శనివారమంటే ప్రతి నెలా రెండో శనివారమే. అయినా ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల్లో పనిచేసేవారు డ్యూటీ మార్చుకోవడానికి వ్యవధి కావాలి. అందుకే సమన్స్ చేరవలసిన గడువు కన్నా నాలుగు రోజులు ముందే అవి అందేలా చూడండి. ఆ రోజు ఏ డిగ్రీ, అంటే సభ్యత్వంలో ఏ మెట్టు, ఇస్తున్నారో అందులో రాయండి. కొత్త అభ్యర్థి ఉంటే ఆయన పేరు, ప్రతిపాదించినవారి, బలపరచినవారి పేర్లు తప్పనిసరి. తెల్ల, నల్ల గోళీలతో రహస్యంగా ఓటు వేయబోయే సభ్యులు ముందుగా విచారించుకోవాలి కదా.

2. సాధన చేయించండి. క్రతువులోని మాటలన్నీ కంఠతా రావాలి. గాజువాక వైపు నుంచి, మధురవాడ వైపు నుంచి వచ్చేవారికి మధ్యలో ఎవరి ఇల్లైనా కుదిరితే మంచిది. రెండో డిగ్రీకి వెళ్లబోయే సోదరుడు నేర్చుకోవలసిన జవాబులను ఒక పెద్దాయన పక్కన కూర్చొని చెప్పించాలి. సాధన నాటి టీ దగ్గర ఏర్పడిన చనువు చాలాకాలం నిలుస్తుంది.

3. ఆ సాయంత్రం. తలుపు బయట టైలర్ అనే లాడ్జి అధికారి కత్తితో కాపలా ఉంటాడు. నౌకాదళంలో బదిలీలు మామూలే కనుక ఇతర ఊళ్ల లాడ్జీల నుంచి అతిథులు వస్తుంటారు. వారి గ్రాండ్ లాడ్జి సర్టిఫికెట్టు, చందా బకాయి లేదన్న ఆధారం చూసి, ఆపై ఆదరంగా లోపలికి తీసుకెళ్లండి. గత సమావేశపు మినిట్స్, ఓటు, డిగ్రీ, దానధర్మాల సంచి వరసగా సాగిపోతాయి. గీత, ఖురాన్, బైబిల్ ఒకే వేదికపై ఉంటాయి, ఎవరి ప్రమాణం వారి గ్రంథం మీదే. మతం, రాజకీయాల మీద వాదన లాడ్జిలో నిషిద్ధం. విందులో కూడా ఆ మాట మొదలైతే స్టీవార్డు నెమ్మదిగా దారి మళ్లించాలి.

4. విందు మీద శ్రద్ధ పెట్టండి. సోదరభావం నిజంగా పండేది ఇక్కడే. కార్తీకంలో సగం మంది మాంసం ముట్టరు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న సోదరుడికి సూర్యాస్తమయానికి ఖర్జూరం, నీళ్లు సిద్ధంగా ఉండాలి. మధుమేహం ఉన్నవారిని ఆకలితో కూర్చోబెట్టకండి. పాత మిత్రులంతా ఒకచోట చేరకుండా, కొత్త సభ్యుణ్ణి ఒక పాత మాస్టర్ (ఇంతకుముందు లాడ్జికి అధ్యక్షత వహించినవారు) పక్కన కూర్చోబెట్టండి. గ్లాసెత్తి శుభం కోరే టోస్టుకు నీళ్ల గ్లాసు ఎత్తినా గౌరవమే. చివరిది టైలర్ టోస్టు, ఎక్కడో కష్టాల్లో ఉన్న సోదరులను తలచుకునేది. దానికి ముందే ఎవరూ లేచి వెళ్లకుండా వంటలు, ప్రసంగాలు సకాలంలో ముగించండి.

5. మిగిలిన రోజులు. రక్తదాన శిబిరం పెడితే పురుషులు మళ్లీ రక్తం ఇవ్వడానికి 90 రోజులు ఆగాలి కనుక మూడు నెలలకోసారి చాలు. అంతకన్నా ముఖ్యమైనది సభ్యుల చిరునామాలు, ఇంటివారి ఫోన్ నంబర్లు పేటల వారీగా కాగితం మీద రాసి ఉంచడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు పోయాయి. అలాంటప్పుడు కాగితం మీది చిరునామా పట్టుకుని నడిచి వెళ్లవలసిందే. దివంగత సోదరుల కుటుంబాల వివరాలు కూడా అదే పుస్తకంలో ఉండాలి.

సమావేశం మరునాటి ఉదయం సోదరుల, వారి కుటుంబాల బాగోగులు చూసే ఆల్మనర్‌తో కలిసి హాజరు పుస్తకం తెరవండి. సంతకం లేని పేర్లకు ఒక్కొక్కరికీ ఫోను చేయండి. ఎందుకు రాలేదని నిలదీయవద్దు, ఎలా ఉన్నారని అడగండి. కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఉన్నానని ఎవరైనా చెబితే వార్డు నంబరు రాసుకొని ఆ సాయంత్రమే వెళ్లండి.