ఫ్యాట్ బాయ్ పడిపోతే లేపడం ఇలా

2018 మోడల్‌తో హార్లీ-డేవిడ్సన్ కంపెనీ తన సాఫ్ట్‌టెయిల్ బైకుల (ఫ్యాట్ బాయ్ వాటిలో ఒకటి) ఫ్రేమ్ మార్చేసింది, మిల్వాకీ-ఎయిట్ ఇంజిన్ ఎక్కించింది, మోనోషాక్‌ని, అంటే వెనక ఉండే ఒకే షాక్ అబ్జార్బర్‌ని, సీటు కింద దాచింది. ఇన్ని మార్చినా ఫ్యాట్ బాయ్ బరువు 317 కిలోలు. నేనేమో 65 కిలోలు! పెట్రోల్ బంకులో హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు పట్టాను, పడిపోయింది.

ముందు ఇంజిన్ ఆపండి. కుడివైపు పడితే సైడ్‌స్టాండ్ ముందే బయటికి దించి, గేరులో ఉంచండి. హ్యాండిల్‌ని నేలవైపుకి పూర్తిగా తిప్పండి. బండికి వీపు పెట్టి, నడుము సీటుకి ఆనించి గొంతుకూర్చోండి. ఒక చేయి గ్రిప్పు మీద, రెండోది సీటు కింద గట్టి ఫ్రేమ్ మీద. నడుముతో కాదు, కాళ్లతో వెనక్కి చిన్న అడుగులు వేస్తూ లేపండి. పెట్రోల్ కారుతుంటే దగ్గర సిగరెట్ వెలిగించనివ్వకండి. నిలబడ్డాక అవతలి పక్కకి తోసేయకండి, నేను తోసేశాను.