హోటల్ భోజనం: అన్నం మానక్కర్లేదు, వరస మార్చుకుంటే చాలు

ఫుల్ మీల్స్‌కు కూర్చున్నప్పుడు లెక్క తప్పేది అన్నం దగ్గరే. పప్పులోకి ఒకసారి, సాంబారులోకి ఇంకోసారి, రసంలోకి కాస్త, చివర పెరుగులోకి మళ్లీ. అడక్కుండానే వడ్డించే చోట నాలుగు విడతలు తెలియకుండానే లోపలికి వెళ్లిపోతాయి.

అందుకని కూరలు ముందు వడ్డించమనండి. ఇగురు కూర, పప్పు, ఉంటే కీరా ముక్కలు సగం వరకు వట్టివే తినేయండి. ఇవి ముందు, అన్నం తర్వాత తింటే రక్తంలో చక్కెర అంత వేగంగా పెరగదు, ఆకలి మంట కూడా కాస్త చల్లారుతుంది. ఇక అన్నం రెండే విడతలు: 150 గ్రాములు, అంటే ఓ కప్పు, పప్పులోకి, అర కప్పు పెరుగులోకి. రసం గిన్నెతోనే తాగొచ్చు. నెయ్యి ఒక టీస్పూను చాలు. ఆవకాయ, ముద్దపప్పు, నెయ్యి కలిపిన ఆ మొదటి ముద్ద కూడా వద్దనుకుంటే అసలు హోటల్‌కు వెళ్లడం దేనికి?

"చాలు" అనేలోపే గరిటెతో అన్నం పడిపోతుంది. "కొంచెమే వెయ్యండి" అని వడ్డించేవారు వంగకముందే చెప్పాలి.

వేపుళ్ల సంగతి వేరు. దొండకాయైనా బెండకాయైనా చాలా హోటళ్లలో మూకుడు నూనెలో వేయించి తీసినవే. అవి ముందే వండేసి ఉంచుతారు కాబట్టి నూనె తగ్గించమని అడిగినా లాభం లేదు. రెండు చెంచాలు రుచి చూసి ఆపడమే. గుత్తివంకాయలో తేలే నూనెను గిన్నెలోనే వదిలేసి కాయను పైకి తీసుకోవచ్చు. ఒక టేబుల్‌స్పూను నూనె అంటే దాదాపు 120 కేలరీలు, ఇంచుమించు రెండు చిన్న ఇడ్లీలతో సమానం.

పెద్దవాళ్లకు రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒక టీస్పూను. పచ్చడి, అప్పడం, సాంబారు కలిస్తే ఒక్క పూటలోనే అందులో పెద్ద వాటా అయిపోతుంది. బీపీ ఉన్నవారు పచ్చడో అప్పడమో ఒకటే ఎంచుకుని, సాంబారు మారు అడగకుండా ఉంటే మంచిది.

టిఫిన్‌కు పెసరట్టు మంచి ఎంపిక, ఉప్మా లేకుండా తీసుకుంటే. పిండి పెనం మీద పడకముందే నూనె తక్కువని చెప్పాలి. అట్టు కాలాక చెప్పి ప్రయోజనం లేదు. వడ మీద మనసైతే ప్లేటు వడకు బదులు రెండిడ్లీ, ఒక వడ చెప్పండి. పూరీ, మైసూరు బజ్జీ ఎప్పుడో ఒకసారికే.

బిర్యానీకి సింగిల్ ఒకటి తెప్పించి ఇద్దరు పంచుకోండి. అదనంగా రైతా, ఉల్లిపాయ, నిమ్మచెక్క అడగండి. ఫ్రై పీస్ కంటే దమ్ ముక్క నయం. స్టార్టర్ కావాలంటే తందూరీ తీసుకోండి. చికెన్ 65, మంచూరియా, అపోలో ఫిష్ మూడూ నూనెలో వేగినవే. పక్కన తాగే 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు టీస్పూన్లు. చల్లటి మజ్జిగ దొరికితే అది చెప్పండి.

రాత్రి బఫే ఉందని మధ్యాహ్నం పస్తుండటం చాలామంది చేసే పొరపాటు. ఆ ఆకలితో వెళ్తే చెయ్యి ఆగదు. బయల్దేరే గంట ముందు ఒక జామకాయో గుప్పెడు వేయించిన పల్లీలో తినండి. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవారు డాక్టరును అడగకుండా భోజనం వేళ జరపడం, అన్నం ఒక్కసారిగా తగ్గించడం చేయొద్దు; చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

బిర్యానీ మిగులుతుందనిపిస్తే తినడం మొదలుపెట్టకముందే సగం పార్శిల్ కట్టించేయండి. ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. వండిన అన్నం రెండు గంటలు దాటి బయట ఉంటే, మళ్లీ వేడి చేసినా పోని విషపదార్థాలు అందులో పుట్టొచ్చు.